సుకన్య ఖాతా బదిలీ ఆగిపోతే: ఎక్కడ ఆగిందో, ఎలా కదిలించాలో

రాజోలు వైపు ఒక పల్లె పోస్టాఫీసులో 2015లో తెరిచిన సుకన్య సమృద్ధి (ఆడపిల్ల పేరున కట్టే కేంద్ర ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతా. ఇప్పుడు పిల్ల హైదరాబాదులో చదువుతోంది, తండ్రి కువైట్‌లో, పాస్‌బుక్ అమ్మమ్మగారి బీరువాలో. గోదావరి డెల్టాలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. ఈ ఖాతాను దేశంలో ఏ పోస్టాఫీసుకైనా, ఈ పథకం నడిపే ఏ బ్యాంకు శాఖకైనా మార్చుకోవచ్చు. ఊరి సహకార సొసైటీకి మాత్రం కుదరదు. రూలు ఇంత సులువైనా పని ఆగేది కాగితాల దగ్గర. అసలు దరఖాస్తు, సంతకం నమూనా పాత ఆఫీసులోనే ఉంటాయి కాబట్టి ఏ తప్పునైనా ఖాతా అక్కడ ఉండగానే దిద్దించాలి.

"బదిలీ ఎందుకండీ, ఇది మూసేసి అక్కడ కొత్తది తెరుచుకోండి" అన్నారు

కారణం: బ్యాంకుకు పంపాలంటే కౌంటర్లో పని ఎక్కువ. పోస్టాఫీసు నుంచి పోస్టాఫీసుకైతే కంప్యూటర్లో మారుతుంది. బ్యాంకుకైతే ఖాతా నకలు, తెరిచినప్పటి దరఖాస్తు, సంతకం నమూనా, మొత్తం సొమ్ముకు చెక్కో డీడీయో (డిమాండ్ డ్రాఫ్ట్) కట్టగట్టి పంపాలి.

ఈ సలహా వినకండి. పదేళ్లు దాటిన పిల్లకు కొత్త ఖాతా తెరవరు. పదిలోపు ఉన్నా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్క: తెరిచిన రోజు నుంచి 15 ఏళ్లు కట్టాలి, 21 ఏళ్లకు చేతికొస్తుంది. పైగా ఇల్లు మారామని ఖాతా మూయడానికి రూల్లో చోటు లేదు. అయిదేళ్లు నిండాక ప్రాణాంతక జబ్బు, గార్డియన్ (పిల్ల తరఫున ఖాతా నడిపే పెద్ద) మరణం వంటి గట్టి కారణాలుంటేనే ముందుగా మూస్తారు. బదిలీలో మాత్రం తెరిచిన తేదీ మారదు.

పోస్టాఫీసులో బదిలీ ఫారం పేరు ఎస్‌బీ-10(బి). దానిమీద కొత్త శాఖ పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్ రాసి, పాస్‌బుక్, గార్డియన్ ఆధార్, పాన్ నకళ్లు జతచేసి ఇవ్వండి. రుసుము అడిగితే 100 రూపాయలు, పైన పన్ను. రసీదు తీసుకోండి.

పల్లె పోస్టాఫీసులో ఇచ్చి వారాలైంది, కదల్లేదు

బ్రాంచి పోస్టాఫీసులో డబ్బు కట్టించుకుంటారు గానీ బదిలీ అక్కడ జరగదు. ఖాతా లెక్కలు పై ఆఫీసులో, అంటే సబ్ పోస్టాఫీసులోనో హెడ్ పోస్టాఫీసులోనో ఉంటాయి. ఏదన్నది పాస్‌బుక్ మొదటి పేజీ చూస్తే తెలుస్తుంది. వీలైతే నేరుగా అక్కడికే వెళ్లండి. పల్లెలోనే ఇస్తే పాస్‌బుక్ తీసుకున్నట్టు రసీదు లేకుండా ఇవ్వొద్దు.

2022 జూలై వరదలో లంక ఊళ్లలో పాస్‌బుక్కులు కూడా తడిశాయి. అంకెలు చెరిగిన పుస్తకంతో బదిలీ అడగకండి. ముందు 50 రూపాయలు, పన్ను కట్టి నకలు పాస్‌బుక్ తీసుకుని, చేత్తో రాసిన పాత జమలన్నీ అందులో వచ్చాయో లేదో చూసుకోండి.

ఖాతాలో గార్డియన్‌గా తాతగారి పేరు ఉంది

బదిలీలు ఎక్కువగా నిలిచిపోయేది ఇక్కడే. తల్లిదండ్రులు గల్ఫ్‌లోనో బెంగళూరులోనో ఉంటే, మనవరాలి మీద ప్రేమ కొద్దీ తాతయ్యో నాయనమ్మో గార్డియన్‌గా సంతకం పెట్టేశారు. చట్టం ప్రకారం గార్డియన్ అంటే తల్లి, తండ్రి, లేదా కోర్టు నియమించిన వ్యక్తి. కేంద్ర ఆర్థిక శాఖ 2024లో ఇచ్చిన ఉత్తర్వు 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి ఖాతాలను తల్లి లేదా తండ్రి గార్డియన్‌షిప్ కిందికి మార్చాలి.

ఈ మార్పు ముందు, బదిలీ తర్వాత. రెండూ ఒకే రోజు అడిగితే రెండూ ఆగుతాయి. పాస్‌బుక్, పిల్ల జనన ధ్రువపత్రం, తల్లి లేదా తండ్రి ఆధార్, పాన్, బంధుత్వం తెలిపే పత్రం పట్టుకెళ్లండి. దరఖాస్తులో పాత గార్డియన్, కొత్త గార్డియన్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. తాతగారికి ఓపిక ఉండగానే ఈ పని చేయించుకోవడం మేలు.

ఇంకో మెలిక. ఒక కుటుంబానికి రెండు ఖాతాలే. రెండో కాన్పులో కవలలు పుట్టినా, మొదటి కాన్పులోనే ముగ్గురు పుట్టినా మినహాయింపు ఉంది, దానికి ప్రమాణపత్రం కావాలి. అటు తాతగారొకటి, ఇటు అమ్మమ్మగారొకటి తెరిచి లెక్క మూడైతే, అదే ఉత్తర్వు ప్రకారం అదనపు ఖాతాను మూసేస్తారు. వేరే ఊరికి మార్చినంత మాత్రాన అది నిలబడదు.

సంతకం కలవలేదు, పేరు కలవలేదు

2015లో తండ్రి తెలుగులో సంతకం పెట్టి ఉంటారు, ఇప్పుడు ఇంగ్లీషులో పెడుతున్నారు. ముందు పాత ఆఫీసులో కేవైసీ (గుర్తింపు వివరాల) ఫారంతో సంతకం నమూనా మార్పించి, ఆ తర్వాతే బదిలీ ఫారం ఇవ్వండి. ఖాతాలో డబ్బు ఎవరైనా కట్టొచ్చు, బదిలీకి మాత్రం గార్డియన్ సంతకమే కావాలి.

పేరు సంగతి మన ఇంటిపేర్లతో వచ్చిన తంటా. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలు లేదు. జనన ధ్రువపత్రాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి. చిరునామాలో జిల్లా తేడా అంత పెద్ద చిక్కు కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి పాస్‌బుక్‌లో తూర్పు గోదావరి, ఆధార్‌లో కోనసీమ ఉండటం మామూలే. పిన్‌కోడ్ ఒకటే అయితే అది చూపించి చెప్పండి.

ఖాతా స్తంభించింది అంటున్నారు

పాత ఖాతాలకు ఆధార్ ఇవ్వడానికి గడువు 2023 సెప్టెంబరు 30. ఇవ్వనివి ఆగిపోయాయి. ఆధార్, పాన్ ఇస్తే మళ్లీ నడుస్తాయి. ఏడాదికి కనీసం 250 కట్టకుండా వదిలేసిన ఖాతాకైతే తప్పిన ప్రతి ఏడాదికీ 250, దానిపై 50 జరిమానా. మూడేళ్లు తప్పితే 900, దానికి తోడు ఈ ఏడాది 250. ఇదీ బదిలీకి ముందే తీర్చేయండి.

పోస్టాఫీసు పంపేశామంటుంది, బ్యాంకు రాలేదంటుంది

స్పీడ్ పోస్ట్ నంబరు అడిగి తీసుకోండి. కవరు చేరి ఉంటే సాధారణంగా కారణం రెండింట్లో ఒకటి. డీడీ పిల్ల పేరు మీద తీయడం ఒకటి: అది బ్యాంకు పేరు మీద, పక్కన ఖాతాదారు పేరుతో ఉండాలి. రెండోది, బ్యాంకు మీ కోసం ఎదురుచూస్తూ ఉండటం: కాగితాలు వచ్చినా, మీరు వెళ్లి అక్కడి ఫారం నింపి కేవైసీ మళ్లీ ఇస్తేనే ఖాతా మొదలవుతుంది. డీడీకి మూడు నెలలే ఆయుష్షు, అది దాటితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పాత శాఖ ఆంధ్రా బ్యాంకుదైతే, 2020 ఏప్రిల్ 1 నుంచి అది యూనియన్ బ్యాంకు. ఫారంలో ఆ పేరే రాయాలి.

కొత్త పాస్‌బుక్ వచ్చింది, అంకెలు తేడా

ఇల్లు చేరాక కాదు, కౌంటర్ దగ్గరే మూడు చూడండి. మొదటిది తెరిచిన తేదీ: బదిలీ తేదీని తెరిచిన తేదీగా ఎక్కిస్తే, 2015 ఖాతాకు 2036లో రావాల్సిన డబ్బు ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. పాత పాస్‌బుక్ నకలు చూపి అప్పటికప్పుడు దిద్దించండి. అందుకే, అప్పగించే ముందే పాత పాస్‌బుక్ ప్రతి పేజీకీ ఫోటో తీసి ఉంచుకోవాలి.

రెండోది ఈ ఏడాది జమ. పోస్టాఫీసులో లక్ష కట్టి వచ్చారనుకోండి, ఆ సంగతి బ్యాంకు కంప్యూటరుకు తెలియకపోవచ్చు. మీరు ఇంకా 50 వేలే కట్టగలరు. ఏడాదికి లక్షన్నర దాటిన సొమ్ముకు వడ్డీ రాదు, తిరిగి ఇచ్చేస్తారు.

మూడోది వడ్డీ. ఖాతా మార్చి 31న ఎక్కడ ఉంటే ఏడాది వడ్డీ అక్కడే వేయాలి. నెల 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద లెక్క కడతారు. డీడీ దారిలో ఉన్న నెలలకు సున్నా వేసి ఉంటే రాతపూర్వకంగా అడగండి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బదిలీ పెట్టుకోకండి.

బ్యాంకుకు మారితే ఖాతా నంబరు కూడా మారుతుంది. పాత నంబరుకు పెట్టిన ఆటో డెబిట్ ఇక పనిచేయదు, కొత్తగా పెట్టుకోవాలి.

పిల్లకు 18 నిండాయి

ఇక గార్డియన్ సంతకం చెల్లదు. అమ్మాయే తన ఆధార్, పాన్, ఫోటో, సంతకంతో కేవైసీ ఇచ్చి, ఫారం మీద తనే సంతకం పెట్టాలి. ఈ ఖాతాను చెల్లెలి పేరుకో తమ్ముడి పేరుకో మార్చడం ఏ వయసులోనూ కుదరదు, విదేశీ శాఖకు పంపడమూ కుదరదు.