సీసం, తగరం ఎలక్ట్రోడ్లతో విద్యుద్విశ్లేషణ సెల్ ఆన్ చేసే ముందు

ఎండాకాలం ప్రాజెక్టులకు ల్యాబ్‌లో చేరే పిల్లలకు ముందే చెప్పాల్సిన మాట ఇది. ఎలక్ట్రోడ్ పని కరెంటు ఇవ్వడం వరకే అనుకుంటాం. సీసం, తగరం విషయంలో అలా అనుకోవద్దు. అసిటోన్‌ని సీసం క్యాథోడ్ (రుణ ఎలక్ట్రోడ్) మీద క్షయకరణం చేస్తుంటే, ఆ సీసమే కొంత కర్బన సమ్మేళనంగా మారి ద్రావణంలోకి దిగుతుంది. తగరం మీద అక్రిలోనైట్రైల్‌తోనూ అంతే. మీరు సీసం సమ్మేళనం తయారు చేయట్లేదు, నిజమే. అయినా అది ఫ్లాస్కులో ఉండొచ్చు.

అందుకే ఎలక్ట్రోడ్‌ని ప్రయోగానికి ముందూ తర్వాతా తూచి నోట్‌బుక్‌లో రాయండి. తీసిచూస్తే నున్నగా ఉండాల్సిన రేకు గుంటలు పడి ఉందా, బరువు తగ్గిందా, ఆ ద్రావణాన్ని విషంగానే చూడండి.

మామూలు సీసం లవణాలు చర్మం దాటి అంతగా పోవు. సీసం కర్బన సమ్మేళనమైన టెట్రాఇథైల్ లెడ్ అలా కాదు, కొవ్వులో కరుగుతుంది, చర్మంలోంచి దిగి మెదడుకు చేరుతుంది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో దాన్ని తయారుచేస్తూ అయిదుగురు కార్మికులు మతి చెదిరి చనిపోయారు. తగరానిదీ అదే కథ: 1954లో ఫ్రాన్స్‌లో సెగ్గడ్డలకు ఇచ్చిన స్టాలినాన్ మందులో ట్రైఇథైల్ టిన్ అనే తగరం కర్బన సమ్మేళనం కలిసి సుమారు వందమంది పోయారు.

పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని ఫ్యానుతో బయటికి లాగేసే అర). కరెంటు పోతే హుడ్ ఫ్యాను ఆగుతుంది, ఆవిరి మీ ముఖం మీదికొస్తుంది. వేసవి కరెంటు కోతల టైములో ఈ ప్రయోగం పెట్టకండి, ఎండకు ఆవిరి ఇంకా ఎక్కువ. లేటెక్స్ గ్లవ్స్‌ని నమ్మొద్దు. లోపల లామినేట్ (ప్లాస్టిక్ పొరల) గ్లవ్స్, పైన నైట్రైల్ వేసుకుని, చుక్క పడగానే మార్చేయండి. ఎలక్ట్రోడ్ ఎత్తే ముందు పవర్ సప్లై ఆఫ్ చేయండి. లేదంటే నిప్పురవ్వ వస్తుంది, కింద అసిటోన్ ఉంటుంది, క్యాథోడ్ దగ్గర హైడ్రోజన్ కూడా ఉంటుంది. రేకుకు అంటిన నల్లటి పొడిని పొడిగా గీకొద్దు, గాలి తగిలితే నిప్పంటుకోవచ్చు. మిగిలిన ద్రావణం సింకులో పోయకుండా పేరు రాసిన వేరే సీసాలో ఉంచండి. ఒంటరిగా మాత్రం చేయకండి.

తర్వాత రోజుల్లో నిద్ర పట్టకపోయినా, పీడకలలు వచ్చినా, ఊరికే చిరాకు కలిగినా పరీక్షల టెన్షన్ అని సరిపెట్టుకోకండి. ఆసుపత్రికి వెళ్లి సేంద్రియ సీసంతో (సీసం కర్బన సమ్మేళనంతో) పనిచేశానని చెప్పండి. రక్తంతోపాటు మూత్రంలో కూడా సీసం చూడమనండి. ఎలక్ట్రోడ్ బరువులు రాసిన పేజీ వెంట తీసుకెళ్లండి.