బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్తున్నారా? ఫోను అప్పగించేలోపు ఇవి చూసుకోండి

కొన్నేళ్లుగా తెలుగు బిగ్‌బాస్ సెప్టెంబరు మొదటి వారంలో మొదలవుతోంది. కాబట్టి జూన్, జూలైల్లోనే పోటీదారులుగా రమ్మని ఫోన్లు వెళ్తాయి. నేను యూసఫ్‌గూడలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పని చేస్తాను. మా చుట్టుపక్కలంతా సీరియల్ నటులు, డాన్సర్లు, యాంకర్లు, యూట్యూబ్ పిల్లలే. ఏటా ఆ రోజుల్లో ఎవరో ఒకరు తలుపు తీసుకుని వచ్చి, "అన్నా, పిలుపొచ్చింది, ఎవరికీ చెప్పకు" అంటారు. ముఖం వెలిగిపోతుంటుంది. షో అయ్యాక జనవరిలో పన్ను ఫారాలు పట్టుకుని మళ్లీ వాళ్లే వస్తారు. అప్పుడు ఆ ముఖాలు చూసి బాధపడిన రోజులు చాలా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. లోపల ఉన్నన్నాళ్లూ మీ చేతిలో ఫోను ఉండదు. బయటికొచ్చాక కొన్నాళ్లు నిదానంగా ఆలోచించే ఓపిక ఉండదు. అందుకని డబ్బు గురించీ, పేరు గురించీ, మీ మనసు గురించీ చేయాల్సిన ఏర్పాట్లన్నీ వెళ్లే ముందే అయిపోవాలి.

మొదట, ఆ పిలుపు నిజమైనదో కాదో తేల్చుకోండి. లోపలికి పంపిస్తామని డబ్బు అడిగితే అది మోసమే. రిజిస్ట్రేషన్ అన్నా, పోర్ట్‌ఫోలియో అన్నా, డిపాజిట్ అన్నా అంతే. మిమ్మల్ని తీసుకునేవాళ్లు మీకు డబ్బు ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

50 లక్షలు అంటే 50 లక్షలు కాదు

ప్రైజ్ మనీ 50 లక్షలని మనకు బాగా వినిపిస్తుంది. మొదట దాని లెక్క చూద్దాం. ఇలాంటి పోటీల్లో గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ ఉంటాయి. 50 లక్షల మీద అది 15,60,000. చేతికి వచ్చేది 34,40,000. మీ మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జ్ కూడా కలుస్తుంది. ఈ సొమ్ముకు మామూలు మినహాయింపులు ఏవీ వర్తించవు. ఖర్చులు చూపించి తగ్గించుకోవడమూ కుదరదు. కారు ఇస్తే దాని విలువ మీద కూడా పన్ను కట్టాలి.

అసలు ఆ 50 లక్షలు మొత్తంగా ఉంటాయన్న నమ్మకమూ లేదు. చివరి రోజు ఫైనలిస్టుల ముందు డబ్బు సూట్‌కేసు పెడతారు కదా, ఎవరైనా అది తీసుకుని తప్పుకుంటే ఆ సొమ్ము విజేత ప్రైజ్‌లోంచే పోతుంది. 2020లో నాలుగో సీజన్‌లో ఒక ఫైనలిస్టు 25 లక్షలు తీసుకుని బయటికొచ్చాడు. ఆరో సీజన్‌లో రన్నరప్ 40 లక్షలు తీసుకున్నాడు. ఏడో సీజన్‌లో ఒకరు 15 లక్షలు తీసుకుంటే విజేతకు 35 లక్షలు మిగిలాయి. పన్ను పోను ఆ 35 లక్షల్లో మిగిలేది 24,08,000. సూట్‌కేసు తీసుకున్నవాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నన్నడిగితే వాళ్లు తెలివైన పనే చేశారు. ఆ అవకాశం మీకు వస్తే ఎంత మొత్తానికి సరే అనాలో ఇంట్లోవాళ్లతో ముందే అనుకుని వెళ్లండి. కెమెరాల ముందు, చప్పట్ల మధ్య ఆ లెక్క వేయడం ఎవరివల్లా కాదు.

ప్రైజ్ ఒక్కరికే వస్తుంది. మిగతా అందరికీ వచ్చేది రెమ్యూనరేషనే. దాన్ని ఎక్కువగా వారం లెక్కన మాట్లాడుకుంటారు. ఇక్కడ నేను ఎక్కువగా చూసే తప్పు ఏమిటంటే, పదిహేను వారాలు ఉంటామని లెక్క వేసుకుని ముందే కారు బుక్ చేసేయడం. మీరు నాలుగు వారాల లెక్క వేసుకోండి. వారానికి లక్ష అనుకుందాం. నాలుగు వారాలకు 4 లక్షలు. అందులో 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లే ముందుగా కోసుకునే పన్ను, పోతే 3,60,000. వీకెండ్ ఎపిసోడ్ల బట్టలు, స్టైలిస్టు, బయట మీ పేజీలు నడిపే పీఆర్ టీమ్, ఇవన్నీ అందులోంచే. ఇంకో ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు. సీరియల్‌లో మీ పాత్ర ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీరు నాలుగు వారాలకే తిరిగొచ్చినా ఆ పాత్ర తిరిగి రాదు. ఇవన్నీ కాగితం మీద వేసి చూసుకున్నాక కూడా వెళ్లాలనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి. రెమ్యూనరేషన్‌కు సంబంధించిన ఖర్చులు చూపించుకోవచ్చు కాబట్టి బట్టల బిల్లు, పీఆర్ బిల్లు ఏదీ పారేయకండి. ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే అడ్వాన్స్ ట్యాక్స్‌కు ఒక గడువు డిసెంబరు 15న ఉంటుంది, అప్పటికి మీరు ఇంకా లోపలే ఉండొచ్చు. ఏడాదిలో మీ సేవల ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఈ రెండూ చూసే మనిషిని ముందే పెట్టుకోండి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు లాయర్‌కు చూపించి, ప్రతి పేజీ తెలుగులో చెప్పించుకోండి. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, మధ్యలో బయటికొస్తానంటే ఎంత కట్టాలి, షో అయ్యాక ఎన్ని నెలలు వేరే ఛానెల్‌లో చేయకూడదు? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి. ఇంకొకటి అడగండి. బయటికొచ్చాక మానసిక వైద్యుల సాయం ఎన్ని సిటింగులు ఇస్తారు అని. ఇది గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్‌లో 'లవ్ ఐలాండ్' షోలో పాల్గొన్న ఇద్దరు ఆత్మహత్య చేసుకున్న తర్వాత, 2019లో ఆ ఛానెల్ ప్రతి పోటీదారుకూ బయటికొచ్చాక కనీసం ఎనిమిది సిటింగులు ఇస్తామని ప్రకటించింది. డబ్బు నిర్వహణ, సోషల్ మీడియా గురించి శిక్షణ ఇస్తామనీ చెప్పింది. 2021 నుంచి అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ కూడా పాల్గొనేవాళ్ల క్షేమం గురించి నిబంధనలు పెట్టింది. అక్కడివాళ్లు అంత నష్టం చూశాక నేర్చుకున్నదాన్ని మనం ముందే అడిగి తీసుకోవడంలో తప్పేముంది?

ఫోను ఎవరి చేతిలో పెడుతున్నారు?

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నా దగ్గరికి వచ్చిన గొడవల్లో సగం ఇక్కడే పుట్టాయి. మీరు లోపలికి వెళ్తే మీ సిమ్ బయట ఎవరి దగ్గరో ఉంటుంది. అంటే బ్యాంకు ఓటీపీలన్నీ వాళ్లకే వస్తాయి. స్నేహితుడనో, మేనేజరనో నమ్మి ఫోను ఇచ్చేసిన ఒకబ్బాయి తిరిగొచ్చేసరికి అతని పేరు మీద రెండు యాప్ లోన్లు ఉన్నాయి. బ్యాంకు ఖాతాకు లింకైన సిమ్ అమ్మ దగ్గరో, అక్క దగ్గరో పెట్టి, ఇన్‌స్టాగ్రామ్ నడిపేవాళ్లకు వేరే ఫోను ఇవ్వండి. పెద్ద మొత్తం ఒక ఖాతాలో ఉంచి, ఈఎంఐలకూ అద్దెకూ నాలుగు నెలలకు సరిపడా ఇంకో ఖాతాలో వేసి, ఆటో డెబిట్ పెట్టేయండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వొద్దు. ఎంత దగ్గరివాళ్లైనా సరే.

సోషల్ మీడియా పేజీలు పీఆర్ టీమ్‌కు ఇచ్చేటప్పుడు రికవరీ మెయిల్ మీదే ఉండాలి. వాళ్లతో ఒక మాట కాగితం మీద రాయించుకోండి: తోటి పోటీదారుల్ని తిట్టకూడదు, వాళ్ల ఇంటివాళ్ల జోలికి వెళ్లకూడదు, మా అభిమానుల్ని ఎక్కడికీ పోగవ్వమని పిలవకూడదు. ఎందుకంటే మీ పేరుతో జరిగేదాని భారం మీ మీదే పడుతుంది. 2023 డిసెంబరు 17న ఏడో సీజన్ ఫినాలే రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానుల గొడవలో ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. తోటి పోటీదారుల కార్ల మీద దాడి జరిగింది. ట్రోఫీ అందుకున్న మూడు రోజులకే విజేతను అరెస్టు చేశారు, తర్వాత బెయిల్ మీద బయటికొచ్చాడు. గెలిచిన రాత్రి ఊరేగింపు వద్దని ముందే ఇంట్లో గట్టిగా చెప్పి వెళ్లండి.

ఇంట్లోవాళ్ల గురించి కూడా ఆలోచించాలి. మీరు వెళ్లిన వారానికే మైకులు పట్టుకుని యూట్యూబ్ ఛానెళ్లు మీ ఇంటి ముందు వాలతాయి. మీ నాన్నగారు అమాయకంగా అన్న ఒక మాట థంబ్‌నెయిల్ అవుతుంది. మాట్లాడాలనుకుంటే మాట్లాడేది ఒక్కరే అని ముందే అనుకోండి. మీ అమ్మ ఫోనులో కామెంట్లు కనబడకుండా చేసి వెళ్లండి. మిమ్మల్ని తిట్టే తిట్లు మీకంటే ముందు ఆమె చదువుతుంది, మీరు లేని ఇంట్లో, ఒంటరిగా. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఓట్లు మీ విలువ కావు

ఒకమ్మాయి సంగతి చెబుతాను. పేరు వద్దు, షో పేరు కూడా వద్దు. చక్కగా డాన్స్ చేస్తుంది. ఐదో వారం బయటికొచ్చింది. టీడీఎస్ కాగితాలు ఇవ్వడానికి మా ఆఫీసుకొచ్చి కూర్చుని, ఫోనులో కామెంట్లు ఒక్కొక్కటీ చదివి వినిపించింది. "అన్నా, నేను నిజంగా అలాంటిదాన్నేనా?" అంది. ఆమెను పదేళ్లుగా ఎరుగుదును. అయినా ఆ పూట నా మాట ఆమెకు ఆనలేదు. ముక్కూముఖం తెలియని వేల మంది మాటే నిజంలా అనిపించింది.

అది ఆమె బలహీనత కాదు. ఆ ఇంట్లో మనిషి ఎలా ఉంటాడో ఆలోచించండి. గడియారం ఉండదు, వార్త ఉండదు, సొంత మనిషి ఉండడు. వారం వారం నామినేషన్లలో తోటివాళ్లు ఎదురుగా నిలబడి మీలో ఏం బాగాలేదో చెబుతారు. వీకెండ్‌లో హోస్ట్ మీ వారాన్ని తీర్పు తీరుస్తారు. ఇవన్నీ అయ్యాక ఓట్లు. ఇరవై నాలుగు గంటల బతుకులోంచి గంట ఎపిసోడ్ తీస్తారు. మీరు ఐదుగురికి వంట చేసిన పూట అందులో ఉండకపోవచ్చు, ఉప్పు దగ్గర అరిచిన అర నిమిషం ఉండొచ్చు. జనం చూసేది ఆ అర నిమిషాన్నే. వాళ్లు అబద్ధం చూడలేదు, కానీ మిమ్మల్ని పూర్తిగానూ చూడలేదు.

అందుకని వెళ్లే ముందు ముగ్గురి పేర్లు రాసుకోండి. మీ మంచీ చెడూ మొహం మీద చెప్పగలిగినవాళ్లు, మీరు ఫేమస్ కాకముందు నుంచి తెలిసినవాళ్లు. బయటికొచ్చాక మీ గురించి మాట ఆ ముగ్గురి దగ్గరే వినాలి. వాళ్లకూ ఈ సంగతి చెప్పి, ఎపిసోడ్లు చూడమనండి. మీరు నిజంగా తప్పు చేసి ఉంటే వాళ్లే చెబుతారు, ఎలా సర్దుకోవాలో కూడా చెబుతారు. ఆడపిల్లలకు మార్ఫింగ్ ఫొటోలు, బెదిరింపులు వస్తే చదువుతూ కూర్చోకుండా స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే పని అన్నకో తమ్ముడికో ముందే అప్పగించండి.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ నంబరు మీ ఫోనులోనే కాదు, మీ అమ్మ ఫోనులో కూడా ఉండాలి.

బయటికొచ్చిన మూడు నెలలు

షాపు ఓపెనింగులు, కాలేజీ ఫంక్షన్లు, ప్రమోషన్లు అన్నీ ఒక్కసారే వస్తాయి. చేయండి, సంపాదించుకోండి. అయితే అది జీతం కాదని గుర్తుంచుకోండి. కొత్త సీజన్ మొదలవగానే ఆ ఫోన్లు కొత్తవాళ్లకు వెళ్తాయి. ఆ మూడు నెలల ఆదాయం చూసి ఐదేళ్ల ఈఎంఐ పెట్టుకోకండి. వేదిక మీద ఉద్వేగంలో ఫలానావాళ్లకు ఇంత ఇస్తానని ప్రకటించకండి, పన్ను పోను ఎంత వచ్చిందో చూశాక నిదానంగా ఇవ్వండి.

బెట్టింగ్ యాప్ ప్రమోషన్ మాత్రం ఎంత ఇస్తామన్నా వద్దు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో కేసులు పెట్టినప్పుడు ఆ జాబితాలో బిగ్‌బాస్‌లో కనిపించినవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. దానికంటే పెద్ద సంగతి, మీ మాట నమ్మి డబ్బు పోగొట్టుకునేవాడు మీకు ఓటేసిన కుర్రాడే.

ఇక పని. మూడో సీజన్ విజేత రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదిక మీద పాడాడు. షోకు ముందూ అతను గాయకుడే, తర్వాతా గాయకుడే. చేతిలో ఉన్న విద్యను షో కోసం వదలకూడదని నేను అందరికీ ఆయన్నే చూపించి చెబుతాను. దుకాణమైతే మూయకండి, నడిపే మనిషిని పెట్టండి. ఉద్యోగమైతే సెలవు కాగితం మీద రాయించుకోండి. ప్రభుత్వ ఉద్యోగులు అనుమతి లేకుండా వెళ్లనే వెళ్లకూడదు.

నేను చెప్పిన అమ్మాయికి బోరబండలో చిన్న డాన్స్ క్లాసు ఉంది. వెళ్లే ముందు గది ఖాళీ చేసేద్దామనుకుంది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. చివరికి నాలుగు నెలల అద్దె ముందే కట్టి, తాళం ఒక సీనియర్ స్టూడెంట్‌కు ఇచ్చి వెళ్లింది. మా ఆఫీసులో కామెంట్లు చదివిన వారానికి, ఒక సోమవారం సాయంత్రం ఐదు గంటలకు అక్కడికి వెళ్లిందట. పిల్లలు టీవీ గురించి కాసేపు అడిగి, ఆ తర్వాత, "అక్కా, వార్షికోత్సవానికి పాట ఏది?" అన్నారట. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు వెనకాల గజ్జెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.