డాట్‌కామ్ కంపెనీని గుర్తించడం ఎలా?

కడియపులంకలో మొక్కలు పెంచే నర్సరీకైనా, ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే దుకాణానికైనా వెబ్‌సైట్ ఉండవచ్చు, దాని చిరునామా డాట్‌కామ్‌తో ముగియవచ్చు. అంతమాత్రాన వాటిని డాట్‌కామ్ కంపెనీలు అనడం సరికాదు. ఏ సంస్థను అలా పిలవవచ్చో తేల్చుకోవాలంటే ముందు ఆ పేరు పుట్టుక తెలియాలి.

ఇంటర్నెట్ చిరునామాలను వర్గాలుగా విడదీస్తూ 1984 అక్టోబరులో వెలువడిన పత్రం విద్యాసంస్థలకు ఈడీయూ, ప్రభుత్వానికి జీఓవీ, వ్యాపార సంస్థలకు కామ్ అనే గుర్తులను నిర్దేశించింది. ‘కమర్షియల్’ అనే ఇంగ్లీషు మాటకు పొట్టి రూపమే ఈ కామ్. 1985 మార్చి 15న మొట్టమొదటి కామ్ చిరునామాను నమోదు చేసుకున్న అమెరికా సంస్థ సింబాలిక్స్ కంప్యూటర్లు తయారుచేసి అమ్మేది. దాని బతుకుతెరువు ఇంటర్నెట్ కాదు. చిరునామా వేరు, వ్యాపార స్వభావం వేరు అన్న సంగతి ఆ తొలి నమోదులోనే కనిపిస్తుంది.

అమెజాన్ 1995లో పుస్తకాల అమ్మకం మొదలుపెట్టిన కాలం నుంచి, వెబ్‌సైటే దుకాణంగా నడిచే సంస్థలు వెల్లువెత్తాయి. చాలా సంస్థలు డాట్‌కామ్‌ను తమ పేరులోనే చేర్చుకోవడంతో ఆ చిరునామా తోకే మొత్తం వర్గానికి పేరయింది. లాభాలు కనబడకపోయినా మదుపరులు ఎగబడ్డారు. 2000 మార్చి 10న శిఖరానికి చేరిన అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరు నాటికి నాలుగింట మూడొంతులకు పైగా విలువ కోల్పోయింది. పెంపుడు జంతువుల సామగ్రి అమ్మిన పెట్స్‌డాట్‌కామ్ 2000 నవంబరులోనే మూతపడింది.

ఇక పరీక్ష విషయానికి వద్దాం. ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోతే ఆ సంస్థకు అమ్ముకోవడానికి ఏం మిగులుతుందో అడగండి. కడియపులంక నర్సరీకి నేల, మొక్కలు, లారీలతో వచ్చే కొనుగోలుదారులు మిగులుతారు. 1997లో ఉద్యోగ ప్రకటనలతో మొదలైన నౌకరీడాట్‌కామ్ వంటి సంస్థకు ఆ సేవే ఉండదు. కాబట్టి అది నిస్సందేహంగా డాట్‌కామ్ కంపెనీ. తమ సరుకేమీ లేకుండా, పదిమంది తయారీదారుల పూతరేకులను కేవలం వెబ్‌సైట్ ద్వారా అమ్మిపెట్టే సంస్థ రాజమహేంద్రవరంలో ఉన్నా అదే కోవకు చెందుతుంది.

రాసేటప్పుడు కాలాన్నీ గమనించాలి. 1990ల చివరి సంస్థలకు ఈ పేరు చక్కగా అతుకుతుంది. నేటి వాటికి ఈ-కామర్స్ సంస్థ, స్టార్టప్ వంటి మాటలే స్పష్టంగా ఉంటాయని నా అభిప్రాయం. చిరునామా తోకను మాత్రం ఆధారంగా తీసుకోకండి: అమెజాన్ మన దేశంలో డాట్‌ఇన్ చిరునామాతోనే అమ్మకాలు సాగిస్తోంది.