మూలనపడ్డ పాత కలర్ టీవీకి కరెంటు ఇచ్చే ముందు

ఏళ్ల తరబడి వాడని టీవీ గానీ స్టూడియో మానిటర్ గానీ ఆన్ చేయబోతుంటే, ముందు ఇవి చూసుకోండి.

- వెనక మూత తీసి యానోడ్ క్యాప్ (పిక్చర్ ట్యూబ్‌కి హై వోల్టేజ్ తీగ తగిలే చోట ఉండే రబ్బరు మూత) ముట్టుకోవద్దు. కలర్ పిక్చర్ ట్యూబ్‌లో 20,000 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా చార్జ్ నిలిచే ఉంటుంది. ట్యూబ్ చుట్టూ ఉన్న ఎర్త్ తీగకే డిశ్చార్జ్ చేయండి. బోర్డు మీదకు వదిలితే ఐసీలు (చిప్‌లు) పోవచ్చు. కాసేపాగి మళ్లీ చేయండి, చార్జ్ కొంత తిరిగొస్తుంది.

- పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌ను మీటర్‌తో చూడండి. అదీ ప్రాణాంతకమే.

- ట్యూబ్ మెడకు (వెనక ఉండే సన్నటి భాగానికి) ఏదీ తగలకుండా పని చేయండి. సన్నటి గాజు, చిట్లితే వాక్యూమ్ పోతుంది. అలాంటి కొత్త ట్యూబ్ దొరకడం చాలా కష్టం, అందుకే నాకు దీని మీదే ఎక్కువ టెన్షన్.

- చాలా పాత సెట్లలో చాసిస్‌కే (లోపలి లోహపు చట్రానికే) మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) కలిసి ఉంటుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్‌ను మెయిన్స్ నుంచి విడదీసేది) లేకుండా స్కోప్ (సిగ్నల్ చూపే ఆసిలోస్కోప్) తగిలించొద్దు.

- మొదటిసారి కరెంటు సిరీస్ బల్బుతో (సప్లై తీగకు వరుసలో కలిపిన ఫిలమెంట్ బల్బుతో) ఇవ్వండి. షార్ట్ ఉంటే బల్బు గట్టిగా వెలుగుతుంది, సెట్ బతుకుతుంది.

- మానిటర్ అయితే ప్రీసెట్లు (లోపలి చిన్న సర్దుబాటు స్క్రూలు) తిప్పేముందు ఫొటో తీసుకోండి. మెడ దగ్గరి అయస్కాంత రింగుల జోలికి అసలు పోవద్దు. కన్వర్జెన్స్ (మూడు రంగులు తెర మీద ఒకేచోట పడటం) మళ్లీ కుదర్చడం పెద్ద పని.