ముందు ముగ్గు, తర్వాత మంచం

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానని చెప్పగానే "అయితే మీ ఇల్లు ఎంత బాగుంటుందో!" అంటారు అందరూ. నిజానికి మొదటి ఏడాదంతా మా ఇంట్లో రెండు చాపలు, ఒక గ్యాస్ స్టవ్, నా డ్రాఫ్టింగ్ బోర్డు తప్ప ఇంకేం లేవు. హైదరాబాద్ విజయనగర్ కాలనీలో, రెండో అంతస్తులో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని నేనూ తమ్ముడూ ఉంటున్నాం. ముందు గది, వెనక గది, వంటిల్లు, అంతే. అమ్మ నెలకోసారి గుడివాడ నుంచి వచ్చి వారం ఉండి వెళ్తుంది. ఇప్పుడు నేను మూడో ఏడాదిలో ఉన్నాను. ఇంట్లో కావలసినవన్నీ అమరాయి, నడవడానికి చోటూ మిగిలింది. చదువుకుంటూ అద్దె ఇంటిని అమర్చుకునే వాళ్లకు పనికొస్తుందని నేను చేసిన పద్ధతి రాస్తున్నాను.

కొనకముందు దారి కొలవండి

చేరిన మొదటి నెలలోనే ఒక షాపులో మూడు సీట్ల సోఫా కొన్నాను. ఆరున్నర అడుగుల పొడవు. గదిలో పడుతుందని టేపు పెట్టి చూసుకునే కొన్నాను. ఇద్దరు మనుషులు మొదటి అంతస్తు దాకా మోసుకొచ్చారు. అక్కడ మెట్లు తిరిగే చోట సోఫా ఇరుక్కుపోయింది. మెట్ల వెడల్పు మూడడుగులే, పై స్లాబు చూస్తే తలకి తగిలేంత కిందికి ఉంది. నిలబెట్టి చూశారు, పక్కకి వంచి చూశారు, కాళ్లు ఊడదీసి చూశారు. గంటన్నర తిప్పలు పడి చివరికి కిందికి దించేశారు. షాపువాళ్లు వెనక్కి తీసుకున్నారు గానీ నాలుగు వేలు కోసుకున్నారు. అది అమ్మ పంపిన డబ్బు. రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు.

అందుకే గది కొలిచే ముందు దారి కొలవండి. గేటు, మెట్ల వెడల్పు, మెట్లు తిరిగే చోట ఉన్న జాగా, అక్కడి నుంచి పై స్లాబు ఎత్తు, తలుపు. తలుపుని రెక్కతో కాదు, ద్వారబంధం లోపలి అంచు నుంచి అంచుకి కొలవాలి. లిఫ్ట్ ఉంటే దాని లోపలి కొలత కూడా రాసుకోండి.

ఆ తర్వాత గది. ఐదు మీటర్ల స్టీలు టేపు చాలు. ప్రతి గోడనీ మూడు చోట్ల కొలవండి: నేల దగ్గర, నడుం ఎత్తులో, చెయ్యి అందేంత పైన. మా పడమటి గోడ కింద 11 అడుగుల 6 అంగుళాలుంటే పైన 11 అడుగుల నాలుగున్నర అంగుళాలే వచ్చింది. ఎప్పుడైనా తక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, స్విచ్‌బోర్డులు, ప్లగ్గులు ఎంత ఎత్తులో ఉన్నాయో, కిటికీ కింద గోడ ఎంతుందో, అటక ఎక్కడికి వచ్చి ఆగుతుందో అన్నీ రాసుకోండి. దీన్ని 1:20 స్కేల్లో, అంటే అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా, గీస్తే అడుగు కాగితం మీద 15 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. ఇల్లంతా ఒక ఏ2 షీట్‌లో పడుతుంది.

నేల మీద గీయడం

నేను షీట్ మీద అట్టముక్కలు కత్తిరించి మంచం ఇక్కడ, టేబుల్ అక్కడ అని జరుపుతుంటే అమ్మ కాసేపు చూసి, "కాగితం మీద నాకేం తెలుస్తుందే, నేల మీద గియ్యి" అంది. అని ఊరుకోలేదు, ముగ్గు డబ్బా తెచ్చింది. మాది పాత మొజాయిక్ నేల. ముగ్గు ఫ్యాను గాలికి చెదిరిపోతుంటే తడి సుద్దముక్కతో గీశాం. మంచానికి ఆరుంపావు బై మూడు, టేబుల్‌కి నాలుగు బై రెండు, పుస్తకాల అరకి రెండున్నర బై ఒకటి. అన్నీ అసలు కొలతల్లోనే. ఎత్తు తెలియడానికి ఆ గీతల్లో ఖాళీ అట్టపెట్టెలు పేర్చాం.

వారం రోజులు అలాగే ఉంచాం. గీతలు తొక్కకుండా నడవాలని నియమం పెట్టుకున్నాం గానీ పొద్దున్న హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? వారం తర్వాత చూస్తే టేబుల్ గీతలో ఒక మూల పూర్తిగా చెరిగిపోయింది. తమ్ముడు స్నానాల గది నుంచి వంటింట్లోకి రోజూ ఆ మూల మీదుగానే వెళ్తున్నాడు. మంచం గీత మాత్రం చెక్కుచెదరలేదు. క్లాసులో సర్క్యులేషన్ (మనుషులు తిరిగే దారి) అని ఎన్ని బాణాలు గీశానో. మా ఇంట్లో మనుషులు నిజంగా ఎటు నడుస్తారో ఆ చెరిగిన సుద్ద చెప్పింది. టేబుల్‌ని రెండడుగులు కిటికీ వైపు జరిపి మళ్లీ గీశాం. రెండో వారం గీత నిలిచింది. అప్పుడే టేబుల్ కొన్నాం.

గీసేటప్పుడు ఈ కొలతలు దగ్గర పెట్టుకోండి. మనుషులు తిరిగే దారికి మూడడుగులు, మరీ ఇరుకైతే రెండు. కుర్చీ వెనక్కి లాగి లేవడానికి రెండున్నర అడుగులు. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు. చదువుకునే టేబుల్ ఎత్తు 29, 30 అంగుళాలు, కుర్చీ సీటు 17, 18.

ఇంకో కొలత మీ అంతట మీరే తీసుకోవాలి. మేం చూసే పుస్తకాల్లో కుర్చీలో కూర్చున్న మనిషి కొలతలు పేజీలకు పేజీలు ఉంటాయి. మన ఇళ్లలో సగం పనులు కింద కూర్చునే చేస్తాం. అమ్మని, తమ్ముణ్ణి బాసింపట్టు వేయించి ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి కొలిస్తే 27, 30 అంగుళాలు వచ్చాయి. ముందు కంచం, పక్కన గ్లాసు. నలుగురు ఎదురెదురుగా కూర్చుని భోంచేయాలంటే ఆరడుగుల చదరం కావాలి. అందుకని ముందు గది మధ్యలో ఏ సామానూ పెట్టలేదు, ఒక వరంగల్ జంపఖానా పరిచాం, అంతే. వంటింట్లోనూ కత్తిపీట వేసుకోవడానికి మూడడుగుల నేల వదిలాం. ఓనరు వాళ్ల వంట గట్టు 34 అంగుళాలుంది. గట్టు మోచేతికి నాలుగంగుళాలు కిందుంటే చేతులకు సుఖం. అమ్మ పొట్టి మనిషి, ఆ గట్టు మీద తరిగితే ఆమెకి భుజాలు లాగుతాయి. గట్టు మార్చలేం కాబట్టి నేల వదలడమే దారి.

తాతయ్య మంచం

సోఫా డబ్బు పోయాక కొత్త మంచం ఊసెత్తలేదు. ఊళ్లో అమ్మమ్మ వాళ్ల గొడ్లసావిట్లో తాతయ్య నవారు మంచం మూలకి చేర్చి ఉంది. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టెలు కోళ్ల రంధ్రాల్లోకి దిగుతాయి, మేకన్నది ఒక్కటీ లేదు. సుత్తికి గుడ్డ చుట్టి మెల్లగా తడితే ఊడి వచ్చాయి. గోనెపట్టాలో మూటకట్టి బస్సులో తెచ్చాం. సోఫా ఇరుక్కున్న మలుపులో తమ్ముడు ఒక్కడే ఆ మూటని భుజాన వేసుకుని ఎక్కేశాడు.

మీ ఊళ్లో ఇలాంటిది ఉంటే వదలకండి. ముందు చెక్క చూడండి. కోళ్ల కింద సన్నటి పిండి రాలుతోందంటే పురుగు ఉన్నట్టు. మెటికతో కొడితే డొల్లగా మోగితే లోపల చెదలు తినేసినట్టు. రెండూ లేకపోతే రెండ్రోజులు ఎండబెట్టి, గరుకు కాగితం కొట్టి, లిన్సీడ్ ఆయిల్ పట్టించండి. పాత నవారు గట్టిగా ఉంటే నల్లులు లేకుండా మరిగే నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయాలి. మాది పీలికలైపోయింది, కొత్తది కొన్నాం. నూలు నవారే తీసుకోండి. ప్లాస్టిక్‌ది చౌకే గానీ ఎండాకాలం వీపుకి అతుక్కుంటుంది.

అల్లడానికి ఇద్దరు కావాలి. ముందు నిలువు వరసలు ఒకదాని పక్కన ఒకటి ఖాళీ లేకుండా చుట్టుకుంటూ పోవాలి. తర్వాత అడ్డం వరస ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి. ఒకరు లాగితే రెండోవాళ్లు మోకాలితో పట్టె దగ్గర అదిమిపట్టాలి. మాకు ఒక ఆదివారం పట్టింది, నా వేళ్లు బొబ్బలెక్కాయి. వారం తిరిగేసరికి వదులవుతుంది, మళ్లీ మొదటి వరస నుంచి లాగి బిగించాలి. రెండోసారి బిగించాక ఇప్పటిదాకా కుంగలేదు.

డ్రాయింగ్‌లో నేను తల ఉత్తరానికి వచ్చేలా పెట్టాను. అమ్మ ఒప్పుకోలేదు. నేను వాదించలేదు. పడుకునే మనిషికి మనసులో శంక ఉంటే ఆ గది కుదరనట్టే. తల దక్షిణానికి తిప్పి, గీతలు మళ్లీ గీసి చూస్తే అలమర తలుపు తెరవడానికి ఇంకో అడుగు దొరికింది.

చీర లెక్క

ముందు గది కిటికీ పడమటిది. నాలుగడుగుల వెడల్పు. సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా మొహాన కొట్టేది. కర్టెన్లకి అమ్మ రెండు పాత నేత చీరలిచ్చింది. ఈ లెక్క ఎవరికైనా పనికొస్తుంది. చీర ఐదున్నర మీటర్లు. కొంగు 90 సెంటీమీటర్లు కత్తిరించి పక్కన పెడితే 4.6 మీటర్లు మిగులుతుంది. దాన్ని సగం చేస్తే ఒక్కోటి 2.3 మీటర్లు, అంటే ఏడున్నర అడుగులు. పైన మూడంగుళాలు, కింద మూడంగుళాలు మడత పోతే సరిగ్గా ఏడడుగుల కర్టెన్. చీర పన్నా 46 అంగుళాలు దాకా ఉంటుంది, రెండు ముక్కలు కలిపితే 92. కర్టెన్ కుచ్చులు నిండుగా పడాలంటే కిటికీకి రెట్టింపు బట్ట కావాలి. నాలుగడుగుల కిటికీకి ఒక్క చీర సరిపోయింది. అంచులు రెండు పక్కలా నిలువుగా దిగుతాయి, విడిగా బోర్డర్ కుట్టించక్కర్లేదు. కొంగులోంచి 16 అంగుళాల దిండు గలీబులకి నాలుగు ముఖాలు వస్తాయి, వెనక వైపు సాదా బట్ట వేసుకోవచ్చు.

కత్తెర పెట్టే ముందు చీరని ఒక పూట నానబెట్టి ఆరేయండి. రంగు దిగేది, కుదించుకుపోయేది అప్పుడే తెలిసిపోతుంది. పడమటి ఎండకి రంగు వెలుస్తుంది కాబట్టి వెనక తెల్ల నూలు బట్ట లైనింగ్ వేయించాను. రెండో చీర వెనక గదికి వెళ్లింది. ఏప్రిల్, మే నెలల్లో కిటికీ బయట వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లుతాం. హైదరాబాద్ పొడి ఎండకి అది బాగా పనిచేస్తుంది. గుడివాడ ఉక్కకి ఇంత చల్లదనం రాదు.

పుస్తకాల అర, ఒక్క షీట్‌తో

కార్పెంటర్‌తో మిల్లీమీటర్లు మాట్లాడితే పని నడవదు. ఆయన లెక్క సూత్‌లలో ఉంటుంది. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. 19 ఎంఎం ప్లైవుడ్‌ని ఆరు సూత్‌లంటారు. నేను ఈ లెక్క నేర్చుకున్న మొదటి వారమే ఆయన నా డ్రాయింగ్ చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు అర్థమైందమ్మా" అన్నాడు.

ప్లై షీట్ ఎనిమిది బై నాలుగు అడుగులు. పొడవునా నాలుగు పట్టీలు కోయించండి. రంపం తినేది పోగా ఒక్కోటి పదకొండు ముప్పావు అంగుళాలు వస్తుంది. రెండు పట్టీల్లోంచి ఆరడుగుల నిలువు పక్కలు రెండు. మిగతా రెండు పట్టీల్లోంచి రెండున్నర అడుగుల పలకలు ఆరు. అడుగున ఒకటి, పైన ఒకటి, మధ్యలో నాలుగు వేస్తే అరల మధ్య పదమూడున్నర అంగుళాలు వస్తుంది, పెద్ద సైజు పుస్తకాలు నిలబడతాయి. మిగిలిన రెండడుగుల ముక్కలు రెండూ మంచం పక్కన చిన్న అరలయ్యాయి. వెనక్కి 6 ఎంఎం ప్లై విడిగా కొనాలి. పలకని రెండున్నర అడుగులకు మించి పెంచకండి, పుస్తకాల బరువుకి మధ్యలో వంగుతుంది. నీళ్లు తగలని చోట ఐఎస్ 303 అని ముద్ర ఉన్న మామూలు ప్లై చాలు. వంటింటి సింకు దగ్గరైతే తడికి తట్టుకునే ఐఎస్ 710 తీసుకోండి, అక్కడ డబ్బు మిగల్చాలని చూడొద్దు. స్క్రూలు, క్లాంపులు రాణిగంజ్‌లో ఒకేచోట దొరికాయి. టేబుల్, కుర్చీ ఎర్రగడ్డ ఆదివారం సంతలో తీసుకున్నాను. పొద్దున్నే వెళ్లండి, టేపు మర్చిపోకండి.

లైట్లు, రంగు

తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా వచ్చేది లైట్ల దగ్గరే. బల్బు డబ్బా మీద కె అని ఒక అంకె ఉంటుంది. 6500 కె అంటే ఆఫీసు తెలుపు, 3000 కె అంటే పసుపు వెచ్చదనం. ముందు గదిలో ఓనరు ట్యూబ్‌లైట్ అలాగే ఉంచి, గోడ మూలకి నిలబెట్టిన లాంపులో 3000 కె బల్బు పెట్టాను. రాత్రి భోజనాలప్పుడు అదొక్కటే వేస్తాం. డ్రాయింగ్ టేబుల్‌కి 4000 కె. కుడిచేత్తో రాసేవాళ్లకి వెలుగు ఎడమ నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ గీత మీద పడుతుంది.

గోడ రంగు షేడ్ కార్డు చూసి తేల్చకండి. రెండడుగుల చదరం వేయించి పొద్దున్న, సాయంత్రం, రాత్రి లైటులో చూడండి. మేం ఎంచుకున్న లేత గచ్చకాయ రంగు పొద్దున్న బాగుంది, పడమటి ఎండలో మట్టిరంగులోకి తిరిగింది. దాని కంటే ఒక మెట్టు తేలికైనది వేయించాం. అద్దె ఇల్లయితే ఓనరుని ముందే అడగండి. మా ఓనరు ఆంటీ పెయింట్ డబ్బులో సగం ఇచ్చారు.

ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఒకే చోట నిలబడి ఫోటోలు తీసుకోండి. గీతలతో సహా. నా సెమిస్టర్ జ్యూరీలో, అంటే మా పనిని టీచర్లు చూసి అంచనా వేసే రోజున, అందరూ ఎక్కువసేపు చూసింది ఆ చెరిగిన సుద్దగీత ఫోటోనే.

ప్రస్తుతం వంటింటి గుమ్మం పక్కన మూడడుగుల గుండ్రటి గీత ఒకటి ఉంది. చిన్న డైనింగ్ టేబుల్ కావాలని తమ్ముడి కోరిక. గీసి పది రోజులైంది. వంటింటి వైపు ఒక పక్క సన్నగా చెరుగుతోంది. అమ్మ వచ్చే ఆదివారం వస్తుంది. ఆమె కూడా అటూ ఇటూ తిరిగాక చూస్తాం.