ఎండలు ముదిరేలోపు కారు బ్యాటరీ మార్చేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న మా కావలిలో చార్జింగ్‌లో ఉన్న కారు బ్యాటరీ పేలి ఒక కుర్రాడి ముఖమంతా యాసిడ్ పడింది. పక్కనే కొళాయి ఉండబట్టి కళ్లు దక్కాయి. అందరూ బ్యాటరీ కంపెనీని తిడుతున్నారు. జరిగింది వేరు. గోడ మీద స్విచ్ ఆపకుండా, చార్జర్ నడుస్తుండగానే, వంగి క్లిప్పు పీకాడు.

సెలవులకు బెంగళూరు, హైదరాబాద్ నుంచి పిల్లలు దిగే రోజులివి. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన కారును బయటికి తీస్తే సెల్ఫ్ అందుకోదు. ఇక ఎవరిదో చార్జర్ అడిగి తెచ్చి వరండాలో పెట్టేస్తారు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ అని చెప్పడానికి ఇది రాయడం లేదు, అది అందరికీ తెలుసు.

కొనేముందు

పాతది నిజంగా చచ్చిందో లేదో మల్టీమీటర్ పెట్టి చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం దిగినట్టు. రాత్రంతా చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిందంటే లోపలి గదుల్లో ఒకటి, అంటే ఒక సెల్, పోయింది, దాని మీద ఆశ వదులుకోండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అంత రాకపోతే జబ్బు ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ది. కొత్త బ్యాటరీ వేసినా వారంలో మళ్లీ తోసుకోవాల్సిందే.

షాపులో ముందు తయారీ తేదీ అడగండి. ర్యాక్ మీద ఊరికే కూర్చున్నా బ్యాటరీ దిగుతుంది, మన ఎండకు ఇంకా తొందరగా దిగుతుంది. మూడు నెలలు దాటిన సరుకైతే వేరేది తీయమనండి. వారంటీ 48 నెలలని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందులో ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు, ఆ తర్వాత ఇచ్చేది ఉత్త డిస్కౌంటేనా అన్నది కార్డు మీద చదవండి. సైజు, ఆంపియర్ అవర్ (బ్యాటరీ సామర్థ్యం), టెర్మినల్ ఏ పక్కన ఉందో కారు పుస్తకం ప్రకారమే తీసుకోండి. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్టయ్యే కారుకు ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ, అంటే మాటిమాటికీ స్టార్టయ్యే బండ్ల కోసం చేసిన రకం, వేయాలి. మామూలుది వేస్తే తొందరగా పోతుంది.

చార్జింగ్

అసలు విషయం ఇదే. చార్జింగ్ ఎక్కేటప్పుడు, ముఖ్యంగా నిండే దశలో, బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. చార్జర్ నడుస్తుండగా క్లిప్పు తీస్తే సరిగ్గా అక్కడే, టెర్మినల్ దగ్గరే, రవ్వ లేస్తుంది. మీ ముఖం కూడా అక్కడే ఉంటుంది. అందుకని పెట్టేటప్పుడు క్లిప్పులు ముందు, స్విచ్ తర్వాత. తీసేటప్పుడు స్విచ్ ముందు, క్లిప్పులు తర్వాత. సీల్డ్ బ్యాటరీ అయినా ఇంతే. దానికీ గ్యాస్ వదిలే రంధ్రం ఉంటుంది.

చార్జర్ ఇచ్చే కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు మించొద్దు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు. పూర్తిగా దిగిందైతే పది, పన్నెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. రెండు గంటల్లో నింపి ఇస్తామనే ఫాస్ట్ చార్జింగ్ మాటలు నమ్మొద్దు. లోపలి సీసం ప్లేట్లు వేడెక్కి వంకర పోతాయి.

పడకగదిలో, మూసిన షెడ్డులో పెట్టొద్దు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు.

డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలితే ఆపేయండి. దేంతో? గోడ స్విచ్‌తో. క్లిప్పుతో కాదు.

బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వొద్దు. లోపల నీళ్లెంత ఉన్నాయో చూడ్డానికి లైటర్ వెలిగించే మహానుభావులు ఉన్నారు, అందుకే రాస్తున్నా.

ఉంగరం, కడియం, చేతి గొలుసు తీసి జేబులో పెట్టుకోండి.

బండిలోంచి తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు ఏమీ కాదు.

బ్యాటరీలో పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు. క్యాన్ నీళ్లూ పనికిరావు. యాసిడ్ అసలు పోయొద్దు. ప్లేట్లు తేలి ఉంటే మునిగేంత పోసి చార్జింగ్ పెట్టండి, మిగతా నీళ్లు చార్జింగ్ నిండాక పోయండి.

పక్క బండి నుంచి కేబుల్ ఇస్తుంటే చివరి మైనస్ క్లిప్పు దిగిన బ్యాటరీకి పెట్టొద్దు, దూరంగా ఇంజిన్ ఇనుముకు పెట్టండి. కారణం అదే, రవ్వ.

కరెంటు పోతోందని కారు బ్యాటరీని ఇన్వర్టర్‌కు తగిలించొద్దు.

యాసిడ్ కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు పారే నీళ్లు. ఆ తర్వాతే ఆసుపత్రి. నెయ్యి వద్దు, పసుపు వద్దు.

షాపులో మెకానిక్ చేస్తున్నా సరే, స్విచ్ ఆపాడో లేదో చూశాకే దగ్గరికి వెళ్లండి. ఆపకపోతే అరవండి.

పాత బ్యాటరీ అక్కడే ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి. సీసం కోసం ఇంటి దగ్గర పగలగొట్టించొద్దు.