ఊరి గొంతులు మన కంప్యూటర్‌లో – మూడో పాఠం: రొద ఎంతవరకు తీయాలి?

అసలు ఫైలును వేరే ఫోల్డర్‌లో దాచిపెట్టి, దాని నకలును ఆడాసిటీ అనే ఉచిత శబ్ద సాఫ్ట్‌వేర్‌లో తెరిచి లేబుళ్లు పెట్టడం పోయిన పాఠంలో చూశాం. ఈ పాఠంలో చేసేదంతా ఆ నకలు మీదే. ఇంకా నకలు తీయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. రొద తీసి సేవ్ చేసిన ఫైల్లోంచి పోయిన శబ్దం మళ్లీ రాదు. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐయాసా కూడా, భద్రపరిచే ప్రతిని ఏ మార్పూ చేయకుండా ఉన్నదున్నట్టే ఉంచమంటుంది.

ఈసారి ఒక నాట్ల పాటను ఉదాహరణగా తీసుకుందాం. అవ్వ వసారాలో కూర్చుని పాడుతోంది. పక్కనున్న ఆడవాళ్లు పాట అందుకుంటున్నారు. లోపలి గదిలో ఫ్యాను తిరుగుతోంది. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. గాలి విసిరినప్పుడల్లా మైకు దబదబలాడుతోంది. మన ఊళ్లలో తీసే రికార్డింగులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ముందు ఏ బటనూ నొక్కకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినండి. ఫోన్ స్పీకర్లో వింటే కుదరదు. అడుగున ఉండే హోరు అందులో పలకదు, కాబట్టి ఉన్నదీ లేనిదీ మీకు తెలియదు. వింటూ రొదల్ని వేరు చేసుకోండి: ఎడతెగకుండా ఒకే తీరున ఉన్నది ఏది, వచ్చిపోయేది ఏది, ఒక్కసారిగా మీద పడ్డది ఏది. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనిచేయదు.

ఇప్పుడు ట్రాక్ పేరు మీద నొక్కి, వచ్చిన మెనూలో స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. అలల బొమ్మ పోయి రంగుల బొమ్మ వస్తుంది. కింది భాగంలో మంద్ర స్వరాలు, పైకి వెళ్లేకొద్దీ సన్నని శబ్దాలు. అడుగున గీత గీసినట్టు అడ్డంగా సాగేదే కరెంటు గుయ్‌మనే శబ్దం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. తీగల్లోంచి మైకులోకి దూరే హమ్ 50 దగ్గర మొదలై 100, 150, 200 దగ్గర కూడా గీతలు గీస్తుంది. ట్యూబ్‌లైట్ చోక్ మోత అయితే 100 దగ్గర గట్టిగా ఉంటుంది. నెట్‌లో దొరికే అమెరికా వీడియోలు 60 అని చెబుతాయి, ఎందుకంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. ఆడాసిటీలో, చెప్పిన ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే కోత పెట్టే నాచ్ ఫిల్టర్ తెరిస్తే పెట్టెలో ముందే ఉండేది కూడా 60యే. దాన్ని అలాగే వదిలి అప్లై కొడితే మన హమ్ సరిగా పోదు, హమ్ లేనిచోట కోత పడుతుంది.

నాచ్ ఫిల్టర్‌లో క్యూ అనే అంకె ఇంకా ముఖ్యం. అది కోత వెడల్పును నిర్ణయిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర క్యూ 1 పెడితే దాదాపు 100 హెర్ట్జ్ వెడల్పున తవ్వేస్తుంది. మగ గొంతయితే అసలు స్వరమే అందులో కొట్టుకుపోతుంది. క్యూ 10 పెడితే కోత 10 హెర్ట్జ్‌కు సన్నబడుతుంది. ముందు 50, తర్వాత 100, అవసరమైతేనే 150. అవ్వ గొంతు సాధారణంగా అంతకంటే పైన మొదలవుతుంది కాబట్టి ఈ మూడింటితో పెద్ద నష్టం ఉండదు. 200 దగ్గర మాత్రం నేను చేయి వేయను. గీత కనబడినా సరే, అక్కడ గొంతు ఉంటుంది.

గాలి దెబ్బలకు, బండ్ల దడదడకు మందు, పెట్టిన అంకె కింది శబ్దాలను తగ్గించే హై‌పాస్ ఫిల్టర్. ఫ్రీక్వెన్సీ 80, రోల్-ఆఫ్ (కోత ఎంత నిటారుగా ఉండాలో చెప్పే అంకె) 12 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. ఉత్త గొంతుకు ఇది చాలు. కానీ మీ రికార్డింగులో డోలో డప్పో ఉంటే ఆగండి. ఒగ్గుకథలో డోలు దెబ్బకు గుండెల్లో పుట్టే ఆ అదురు ఈ అడుగు భాగంలోనే ఉంటుంది. 80 కింద కోసేస్తే చప్పుడు మిగులుతుంది, డోలు మిగలదు. అలాంటప్పుడు 40 దగ్గరే ఆగి, కాస్త గాలి మిగిలినా ఊరుకోవడం మేలు.

ఇక అసలు విషయం, నాయిస్ రిడక్షన్, అంటే రొద తగ్గింపు. ఇది ఎడతెగని రొదకే పనికొస్తుంది. ఫ్యాను హోరు, రికార్డర్ సొంత బుస వంటివి. అవ్వ పాట ఎత్తుకోక ముందు రెండు క్షణాల ఖాళీ ఉంటుంది చూడండి, రికార్డింగ్ ముందుగానే ఆన్ చేసి ఉంచమని మొదటి పాఠంలో చెప్పింది దీనికోసమే. ఆ ఖాళీని ఎంచుకోండి. అందులో ఊపిరి తీసిన శబ్దం గానీ, గాజుల గలగల గానీ పడకూడదు. పడితే సాఫ్ట్‌వేర్ వాటిని కూడా రొద కింద లెక్కేసుకుంటుంది. నాయిస్ రిడక్షన్ తెరిచి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి, ఆ రొద నమూనా (ప్రొఫైల్) సాఫ్ట్‌వేర్‌కు అందుతుంది. తర్వాత ట్రాక్ మొత్తం ఎంచుకుని అదే ఎఫెక్ట్ మళ్లీ తెరవండి.

నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్, సెన్సిటివిటీ 6, ఫ్రీక్వెన్సీ స్మూతింగ్ 3. ఇవీ నేను మొదలుపెట్టే అంకెలు. 6 డెసిబెల్స్ అంటే రొద ఎత్తు సగానికి తగ్గడం. చెవికి తక్కువే అనిపిస్తుంది, ఇంకా తగ్గిద్దామని చెయ్యి లాగుతుంది. అప్లై కొట్టకముందు కిందనున్న రెసిడ్యూ ఎంచుకుని ప్రివ్యూ వినండి. ఏది పోతోందో అది వినబడుతుంది. అందులో ఉత్త హోరు ఉంటే సరే. పాట మాటలు తెలిసిపోతున్నాయంటే అవ్వ గొంతును కోస్తున్నారన్నమాట, అంకె తగ్గించండి.

నష్టం ఎక్కడ ముందు తెలుస్తుందో చెబుతాను. చాప అన్నప్పటి చ వేరు, చేప అన్నప్పటి చ వేరు. పెద్దవాళ్ల నోట జల్లెడలోని జ కూడా అలాగే దంతాల దగ్గర పలుకుతుంది. ఈ తేడా అంతా సన్నని ఊపిరి రాపిడిలో ఉంటుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో పైభాగాన మసక మచ్చలా కనిపించేది అదే. సాఫ్ట్‌వేర్ కంటికి ఆ రాపిడీ ఫ్యాను బుసా ఒకేలా ఉంటాయి. 18, 24 డెసిబెల్స్ అంటూ పెంచేకొద్దీ రెండు చ‌లూ ఒకటైపోతాయి, స ఏదో శ ఏదో తెలియదు, గొంతు నీళ్లలో మునిగి పాడినట్టు బుడబుడలాడుతుంది. ఆ ఊరి యాసను వినడానికే తీసిన రికార్డింగులో యాసే పోతే, మిగిలిన నిశ్శబ్దం ఎవరికి కావాలి?

మధ్యలో ఎవరైనా ఫ్యాను ఆపినా, రెగ్యులేటర్ తిప్పినా, మైకు జరిపినా పాత ప్రొఫైల్ చెల్లదు. అక్కడ ట్రాక్‌ను లేబుల్‌తో గుర్తుపెట్టి, కొత్త ఖాళీ వెతికి, అక్కడి నుంచి మళ్లీ ప్రొఫైల్ తీసుకోవాలి.

ఒక్కసారిగా పడ్డ చప్పుళ్ల గురించి క్లుప్తంగా. టక్‌మన్న చిన్న క్లిక్ అయితే బాగా జూమ్ చేసి, ఆ ముక్కను మాత్రమే ఎంచుకుని రిపేర్ నొక్కండి. అది 128 శాంపిళ్లకు మించి పనిచేయదు, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లుండే 48 కిలోహెర్ట్జ్ ఫైల్లో రెండున్నర మిల్లీసెకన్ల పైచిలుకు. మాట మీద పడ్డ బండి హారన్ జోలికి వెళ్లకండి. స్పెక్ట్రోగ్రామ్‌లో ఎంచుకున్న చోటును చెరిపే స్పెక్ట్రల్ డిలీట్‌తో తీయొచ్చు గానీ, దాంతోపాటు మాటలో సగం పోతుంది.

కోడి కూతనూ, పిల్ల ఏడుపునూ కూడా నేను తీయను. వెనక అందుకునే ఆడవాళ్ల గొంతుల సంగతి చెప్పనక్కర్లేదు. మైకుకు దూరంగా ఉన్నందువల్ల అవి సన్నగా వినిపిస్తాయి, రొద తగ్గించినప్పుడు ముందు చచ్చేవి అవే. నాట్ల పాట ఒకరు పాడేది కాదు. కాబట్టి అంకెలు సరిచూసుకునేటప్పుడు అవ్వ గొంతు మీద కాదు, ఆ వెనక గొంతుల మీద చెవి పెట్టండి.

చేసిన ప్రతి పనీ ఫైలు పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టండి: నాచ్ 50, 100, క్యూ 10, హై‌పాస్ 80, రొద తగ్గింపు 6, ఒక్కసారి. ఇంత చాలు.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: మీ రికార్డింగులోంచి ఒక నిమిషం ముక్క తీసుకుని 6, 12, 18 డెసిబెల్స్‌తో మూడు ప్రతులు చేయండి. ఏది ఏదో చెప్పకుండా ఆ ఊరివాళ్లెవరికైనా వినిపించి, పాట మాటలు రాయమనండి. ఏ ప్రతిలో ఏ మాట తప్పుగా రాశారో గుర్తుపెట్టుకుని రండి. నాలుగో పాఠంలో ముందు గొంతుకూ వెనక గొంతులకూ మధ్య ఎత్తుపల్లాలు సరిచేయడం ఆ ముక్క మీదే చేద్దాం.